నలభై ఒక్క మాటలు

ఫిబ్రవరి 9

అక్కకి,

బుడ్డి మా ఇంటికి వచ్చి నేటికి ముప్పై నాలుగు రోజులు. "మా ఇంటికి వచ్చి" అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాను. కన్నకూతురి గురించి చుట్టం వచ్చినట్టు రాస్తోందేమిటని నువ్వు నవ్వుకున్నా పర్వాలేదు. నేను ఊపిరితిత్తుల ఆస్పత్రిలో పడి ఉన్న పద్నాలుగు నెలలూ దాన్ని సాకింది నువ్వు. పద్నాలుగు నెలల పిల్లని నీ చేతిలో పెట్టాను, రెండేళ్ళ నాలుగు నెలల పిల్లని తెచ్చి ఇచ్చావు. మధ్యలో జరిగిందంతా నాకు నీ నోట్‌బుక్‌లోనే దొరుకుతోంది.

నువ్వు హెడ్ నర్సువని తెలుసు కానీ ఇంత పకడ్బందీగా అప్పగిస్తావని అనుకోలేదు. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి రోగిని అప్పగించినట్టే రాశావు. ఎన్నింటికి పడుకుంటుంది, ఏ చెవి నొప్పి చేస్తుంది, ఏ దుప్పటి లేకపోతే పేచీ పెడుతుంది, అన్నీ ఉన్నాయి. చివరి మూడు పేజీల్లో దాని మాటలు. పుప్పు అంటే గుడ్డు. టిక్కి అంటే దీపం. గీగీ అంటే తలుపు, తెరిచినా మూసినా. దుమ్మ అంటే కింద పడింది ఏదైనా, పడిన మనిషితో సహా. లెక్కపెడితే నలభై ఒక్క మాటలు. నేను పరీక్షకి చదివినట్టు చదివాను.

నా పని సంగతి నీకు తెలుసు కదా, అచ్చుకి వెళ్ళే పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. రాతప్రతిలో ఏముందో పేజీలో అదే ఉండాలి, మన తెలివి చూపించకూడదు అని మా ముసలి ఫోర్‌మన్ మొదటి రోజే చెప్పాడు. పదకొండేళ్ళుగా ఆ మాట మీదే బతుకుతున్నాను. ఇంట్లోనూ అదే పద్ధతి. వచ్చిన వారం రోజులూ అది బల్ల కింద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున "పుప్పు కావాలా?" అన్నాను. తలెత్తి నా మొహం కేసి చూసి "పుప్పు" అంది. ఆ రోజు మూడు గుడ్లు ఉడకబెట్టాను. అప్పట్నుంచి నేను దీపాన్ని టిక్కి అనే అంటున్నాను. వేరే మాట వాడితే మళ్ళీ బల్ల కిందికి పోతుందేమోనని బెదురు.

ఫోన్ చేయొద్దన్నందుకు కోపం పెట్టుకోకు. ఆ ఒక్కసారి నీ గొంతు విని ఫోన్ వెనక్కి తిప్పి నిన్ను వెతికింది. సాయంత్రం దాకా ఏమీ తినలేదు. కొన్నాళ్ళు ఉత్తరాలే నయం.

మీ మరిది ఎప్పటిలాగే లిఫ్టుల రిపేర్లంటూ తిరుగుతున్నారు. బుడ్డి లేవకముందే వెళ్తారు, పడుకున్నాక వస్తారు. నేను ఆఫీసులో ఉండే నాలుగు గంటలూ ఎదురింటి టైలరమ్మ చూసుకుంటుంది. ఆవిడకి పిల్లలంటే ఇష్టమే కానీ మాటలు ఎక్కువ. రోజూ "మీ అమ్మాయి నోటికి తాళం వేయించండి" అంటుంది. నా మనసు నొప్పించకూడదని అలా అంటుందని నాకు తెలుసు.

నీ నోట్‌బుక్కే దిక్కుగా బతుకుతున్న
చెల్లెలు


ఫిబ్రవరి 20

చెల్లాయ్,

ఉత్తరం అందింది. నన్ను పిల్లల సర్జరీ వార్డుకి మార్చారు. పన్నెండు మంచాలు, పన్నెండు మంది తల్లులు. పిల్లలతో ఇబ్బంది లేదు, తల్లులతోనే. ఒకావిడ కొడుక్కి బదులు తనే ఇంజెక్షన్ చేయించుకుంటానని చెయ్యి చాపింది.

మీ బావ ఇప్పటికీ చెప్పులు విప్పి అలమర పైన పెడుతున్నారు. కింద పెడితే బుడ్డి నోట్లో పెట్టుకుంటుందట. అది వెళ్ళిపోయింది కదండీ అంటే, అవును కదా అని కిందికి దించుతారు. మర్నాడు మళ్ళీ పైనే ఉంటాయి.

నోట్‌బుక్‌లో ఉన్నట్టే చెయ్యి. సొంత ప్రయోగాలు వద్దు. చిన్నప్పుడు కుండీలో మొక్క బలంగా పెరగాలని దానికి పాలు పోసిన మనిషివి నువ్వు. ఎడమ చెవిలో నీళ్ళు పోకుండా చూసుకో. పాలు మరీ వేడిగా ఇవ్వకు. నీ దగ్గు ఎలా ఉంది? అది ఒక్క ముక్క కూడా రాయలేదు.

బుడ్డి నా ఊసు ఎత్తుతోందా? ఎత్తకపోయినా ఏమీ అనుకోను. ఊరికే అడిగాను.

అక్క


ఏప్రిల్ 2

అక్కకి,

ఇన్నాళ్ళు రాయలేదు. రాద్దామని కూర్చోవడం, లేవడం, కిటికీ దాకా వెళ్ళి రావడం, ఇదే సరిపోయింది.

మీ మరిదికి కంపెనీ వాళ్ళు ఐదు రోజులు సెలవిచ్చారు. సముద్రం పక్కన గది తీసుకున్నాం. బుడ్డి సముద్రం చూడ్డం అదే మొదలు. ఇసుకలో నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా అంతా పరీక్షగా చూసి "లాల" అంది. నీ నోట్‌బుక్‌లో లాల అంటే స్నానం కదా. అంత నీటినీ ఎవరో దాని స్నానానికి తోడి పెట్టారనుకుంది. మూడో రోజు తెల్లవారుతూనే వాన. గది కిటికీ దగ్గర నిలబడి "దుమ్మ, దుమ్మ" అని పడే చినుకులన్నిటినీ చూపించింది. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఒక గంటసేపు ప్రపంచంలో నాకు ఏ జబ్బూ రానట్టే అనిపించింది.

ఆ గంట అయ్యాక పక్క గది తలుపు తెరుచుకుంది. దీని ఈడు పిల్లాడే, ఇంకా రెండు నెలలు చిన్న కూడా. "నాన్నా, వాన ఆగిపోయింది, పోదాం పద" అన్నాడు.  అక్కా, నేను ప్రతి ఆదివారం నీ నోట్‌బుక్ తీసి మాటల పక్కన టిక్కు పెడుతున్నాను. నలభై ఒకటి నలభై ఒకటిగానే ఉన్నాయి. ఒక్కటి పెరగలేదు. రెండు మాటలు పక్కపక్కన పెట్టి అనడం లేదు. మర్నాడు పొద్దున్నే దాన్ని ఒడ్డుకి తీసుకెళ్ళి వచ్చిన మీ మరిది "ఎన్ని కబుర్లు చెప్పిందో" అన్నారు. ఆయన మాట నమ్మితే లిఫ్టులు కూడా ఆయనతో కబుర్లు చెప్తాయి. నన్ను ఊరడించడానికి అన్నారని తెలిసి ఇంకా చిరాకు పడ్డాను. దాన్ని తొందరపెట్టకూడదు, మెల్లిగా వస్తాయి అని నేనే ఆయనకి ఎదురు చెప్పాను. చెప్పాను కానీ మిగతా రెండు రోజులూ సముద్రం నా కంటికి ఆనలేదు.

తిరిగొచ్చాక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎన్ని అడిగినా వేలు నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది. నేను "టిక్కి ఏదీ?" అంటే మాత్రం పైన దీపం చూపించింది. చెవుల పరీక్ష చేయిద్దాం, నెల చూడండి అన్నారు.

నీ దగ్గర దానికి మాటలు ఎలా వచ్చాయి? నువ్వేం చేసేదానివి? నాకు తెలియనిదేమైనా ఉంటే రాయి. నీ ఊసు ఎత్తుతోందా అని అడిగావు. లేదు, ఎత్తడం లేదు.

కాలు నిలవని
నీ చెల్లెలు


ఏప్రిల్ 11

చెల్లాయ్,

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా చదివి, అక్కడే కూర్చుని జవాబు రాస్తున్నాను.

ఆ నలభై ఒక్క మాటలూ నీకు అర్థం కావని రాసినవి. డ్యూటీ అప్పగించేటప్పుడు మేం తేడాగా ఉన్నవే రాస్తాం. నాడి బాగుంటే నాడి గురించి రాయం. గుడ్డుని పుప్పు అంటుందని రాయకపోతే నీకెలా తెలుస్తుంది? నీళ్ళని నీళ్ళంటే అది నేను ఎందుకు రాస్తాను? మిగతావన్నీ అది మామూలుగానే అనేది. నీళ్ళు, రా, పో, వద్దు, నాది, పెద్దమ్మా లే, పెదనాన్న చెప్పులు పైన పెట్టు. కొత్తవి వారానికి నాలుగైదు వచ్చేవి. లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

అవన్నీ ఏమయ్యాయి? వచ్చిన మాటలు పోవడమంటే ఏమిటో నేను వార్డులో చూశాను. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నాకు భయంగా ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇల్లు మారితే పిల్లలు పది రోజులు మాట్లాడకపోవడం మామూలే. మూడు నెలలు కాదు.

దాన్ని నా దగ్గరికి పంపించు. మూడు నెలలు చాలు. ఇక్కడ పెద్ద డాక్టర్లు నా చేతి కింద ఉన్నట్టే. మాటలు రాగానే తీసుకొచ్చి దింపుతాను. పంతానికి పోకు.

అక్క


ఏప్రిల్ 17

అక్కకి,

నీ ఉత్తరం చదివి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నీళ్ళు అన్నాను. రా అన్నాను. చెప్పులు అన్నాను. నా మొహం చూసి నవ్వింది. గ్లాసు చూపించి మళ్ళీ "నీళ్ళు" అంటే, నా చెయ్యి నిమిరి "పుప్పు" అంది.

అంటే నీ దగ్గర మాట్లాడింది, నా దగ్గర మానేసింది. నువ్వు రాయకపోయినా నాకు అర్థమైంది. నా జబ్బు తగ్గింది కానీ నేను దాని ఒంటికి పడలేదు. అంతేగా నీ ఉద్దేశం? మూడు నెలలని రాశావు. పద్నాలుగు నెలలు కూడా మొదట్లో మూడు నెలలే కదా.

దాన్ని పంపను. చెవుల పరీక్ష ఇక్కడే చేయిస్తాను. మాట రాకపోతే మాట రాని పిల్లకే నేను తల్లిని. నీకు రుణపడి ఉన్నాను, అది ఎప్పటికీ తీరదు. కానీ పిల్లనిచ్చి తీర్చుకోలేను.

దగ్గు లేదు. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

చెల్లెలు


ఏప్రిల్ 23

చెల్లాయ్,

నీకు ముక్కు మీద కోపం అని నాకు కొత్తగా తెలియక్కర్లేదు. నువ్వు ఏమన్నా పడతాను, పిల్ల విషయంలో మాత్రం పడను. సెలవు పెట్టాను. మే పదో తారీకు మధ్యాహ్నం రైలుకి దిగుతాను. వచ్చేది చుట్టపుచూపుగా కాదు, దాన్ని తీసుకెళ్ళడానికే.

నీకు చెప్పకుండా మరిదికి కూడా ఆయన ఆఫీసు పేరు మీద రాశాను. తప్పే. ఆయన కార్డు మీద ఒక్క ముక్క రాసి పంపారు: "బాగానే మాట్లాడుతోంది వదినగారూ." ఆయనకి లిఫ్టు తీగల గురించి తెలిసినంత పిల్లల గురించి తెలియదు. మీరిద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని మీ బావ కూడా అన్నారు.

దాని బట్టలు సర్దిపెట్టు.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేను. తొందరలో రాస్తున్నాను, రాత సరిగ్గా లేకపోతే సర్దుకుని చదువుకో.

జబ్బులో చిక్కిపోయాను కదా, పాత కోటు నా మీద దుప్పటి కప్పినట్టు వేలాడుతోంది. టైలరమ్మకి ఇచ్చి బిగించమన్నాను. నిన్న ఆఫీసు సగం పూట ఉంటే, ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఆవిడ కొట్టుకి వెళ్ళాను. బుడ్డి లోపలి గదిలో నిద్రపోతోంది. తెర వెనక నన్ను నిలబెట్టి కోటుకి గుండుసూదులు గుచ్చి, సుద్ద తేవడానికి ఆవిడ తెర అవతలికి వెళ్ళింది. ఈలోగా బుడ్డి లేచి వచ్చింది. నేను ఉన్నానని దానికి తెలియదు. కదిలితే సూదులు దిగుతాయి. అలాగే నిలబడ్డాను.

"ఆ సుద్ద నాకివ్వు. నేను గీస్తా," అని వినపడింది. అక్కా, ఎవరో పక్కింటి పిల్ల అనుకున్నాను. గొంతు గుర్తుపట్టడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. నా కూతురి గొంతు.

"గీద్దువుగానిలే. ఇది ఎవరి కోటో తెలుసా?" అంది ఆవిడ, బల్ల మీద విప్పి పెట్టిన కోటు చేతులు చూపించి కాబోలు.

"అమ్మది. అమ్మ చేతులు చిన్నవి. కోటు చేతులు పెద్దవి."

"మరి ఇంత చక్కగా మాట్లాడతావు, మీ అమ్మతో ఎందుకు మాట్లాడవే?"

"అమ్మకి రాదు."

"ఏం రాదు?"

"మాటలు రావు. పుప్పు వచ్చు. టిక్కి వచ్చు. గీగీ వచ్చు. ఇంకా రావు."

"అయ్యో. మరెట్లా?"

"నేను నేర్పుతా. మెల్లిగా. తొందరపెట్టకూడదు."

 కోటు నిండా సూదులతో అక్కడే కింద కూర్చుండిపోయాను. రెండు సూదులు భుజంలో దిగాయి, అవి ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

తర్వాత టైలరమ్మని నిలదీశాను, నాకెందుకు చెప్పలేదని. "రోజూ చెప్తూనే ఉన్నా కదమ్మా, నోటికి తాళం వేయించండి అని. మీరు నవ్వి ఊరుకుంటారు. ఇక నేనేం చేసేది?" అంది. మీ మరిదిని అడిగితే ఆయనా అదే. "సముద్రం దగ్గర చెప్పాను, నువ్వు కసిరావు. ఆదివారాలు మీరిద్దరూ టిక్కి, గీగీ అనుకుంటుంటే అది మీ ఇద్దరి ఆటేమో అనుకున్నా."

నువ్వు తేడాగా ఉన్నవే రాశావు. నాకు రాతప్రతిలో ఉన్నదే లోకం. ఆ పిల్ల వచ్చి చూస్తే, ఈ ఇంట్లో నలభై ఒక్క మాటలు తప్ప ఏమీ రాని పెద్ద మనిషి ఒకత్తి ఉంది. పాపం అని జాలిపడింది. నాకు అర్థమయ్యేలా మాట్లాడదామని తన మాటలన్నీ గుమ్మం బయట వదిలేసి లోపలికి వచ్చేది. ఆ రోజు నేను నీళ్ళు, చెప్పులు అని పరీక్ష పెడితే నా చెయ్యి నిమిరింది చూడు, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పలేకపోతే నువ్వు నన్ను నిమిరినట్టే.

నిన్న సాయంత్రం మామూలుగా అన్నాను: "బుడ్డీ, ఆ దీపం వెయ్యమ్మా." స్టూలెక్కి స్విచ్చి వేసి, నా వైపు తిరిగింది. "అమ్మా, నీకు వచ్చేసిందా?" అంది. వచ్చేసింది అన్నాను. చప్పట్లు కొట్టింది.

నిన్ను ఎన్ని మాటలు అన్నానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

నీ చెల్లెలు


మే 3

చెల్లాయ్,

నీ ఉత్తరం వార్డులో పన్నెండు మంది తల్లుల మధ్య నిలబడి చదివాను. నవ్వాపుకోలేక కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. నవ్వే అనుకున్నారు అందరూ. మీ బావకి చదివి వినిపిస్తే "నా చెప్పుల సంగతి చెప్పిందా?" అన్నారు. ఆయన గోల ఆయనది.

తప్పు నాదీ ఉంది. ఇరవై రెండేళ్ళుగా నర్సులకే అప్పగిస్తూ వచ్చాను, తల్లికి అప్పగించడం వేరని తట్టలేదు. మొదటి పేజీలోనే "మిగతావన్నీ మామూలే" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. మా వార్డులో ఆ ముక్క రాయని నర్సుని నేనే కేకలేస్తాను.

ఒకటి చెప్పకుండా ఉండలేను. దాన్ని పంపించు అని నీకు రాసిన ఉత్తరం పోస్టులో వేయకముందే దాని మంచం దులిపి దుప్పటి మార్చాను. భయం నిజమే. కానీ దుప్పటి మారుస్తున్నంతసేపూ నేను పాట పాడుతున్నానని మీ బావ తర్వాత చెప్పారు. అది విన్నాక నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు.

టికెట్ ఇంకా నా దగ్గరే ఉంది. రమ్మంటే వస్తాను, ఒట్టి చేతులతో వెళ్ళిపోతాను. వద్దంటే రద్దు చేయిస్తాను.

ఇప్పుడు పుప్పు అనడం మానేసిందా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


మే 6

అక్కా,

టికెట్ రద్దు చేయించకు. దానికంటే ముందు ఇంకో విషయం. ఇది రాయడానికి నాలుగుసార్లు కూర్చుని నాలుగుసార్లు లేచాను.

పుప్పు మానలేదు. నాకు బెంగగా ఉంటే అంటుంది, నన్ను సముదాయించడానికి. మిగతా వేళల్లో వాగుడే వాగుడు. పొద్దున లేచింది మొదలు ఇది ఎందుకు, అది ఎవరిది, ఆయన ఎక్కడికి వెళ్తున్నాడు. ప్రశ్నలతో నన్ను కూర్చోనివ్వదు. ఆ ప్రశ్నలు వింటుంటే నాకు ఒకటి తెలిసొచ్చింది. నీ నలభై ఒక్క మాటల్లో "ఎందుకు" అనే మాట లేదు, "ఎక్కడ" అనే మాట లేదు. గుడ్డు, దీపం, తలుపు, స్నానం, నిద్ర. దేన్నీ అడగడానికి పనికిరాని మాటలు. రాతప్రతి దాటకూడదని అంటూ వచ్చాను కానీ, నాకు ఆ మాటలే హాయిగా ఉన్నాయి. అవి ఉన్నంతకాలం అది నన్ను ఏమీ అడగలేదు. ఏదో ఒక రోజు ఏమడుగుతుందో నాకు ముందే తెలుసు.

ఆదివారం అడిగింది. ఉతికిన బట్టలు మడతపెడుతున్నాం. తన గౌను తనే మడుస్తానని గుండ్రంగా చుట్టింది. చుడుతూ, తలెత్తకుండా, "నేను పెద్దమ్మ ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు ఎక్కడున్నావ్?" అంది. ఇన్నాళ్ళూ నీ పేరు ఎత్తలేదనుకున్నాను కదా. నాకు ఆ మాట రాదనుకుని ఎత్తలేదన్నమాట.

నిజమే చెప్పాను. నాకు ఒంట్లో బాగోలేదు, దగ్గు నీకు అంటుకుంటుందని దూరంగా ఆస్పత్రిలో ఉన్నాను అన్నాను.  ఇంకో గౌను తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. తర్వాత అడిగింది:

"నేను నిన్ను పిలిచానా?"

 అవునన్నా కాదన్నా అబద్ధమే అవుతుంది, నేను అక్కడ లేను. నాకు తెలియదు, పెద్దమ్మని అడిగి చెప్తాను అన్నాను. సరే అంది. పొద్దున మళ్ళీ అడిగింది, పెద్దమ్మ చెప్పిందా అని. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు కలిపి పెట్టేశాను. ఈ జవాబు నీ గొంతులో వినే ధైర్యం లేదు.

పిలిచిందా అక్కా? నీ ఉత్తరాల్లో ఎప్పుడూ పిల్ల హాయిగా ఉంది అనే రాశావు. నిజం రాయి. నువ్వు దిగే లోపు నాకు ఉత్తరం అందాలి.

చెల్లెలు


మే 8

చెల్లాయ్,

ఇది అర్జంటు పోస్టులో పంపుతున్నాను. నాకంటే ముందు అందుతుంది. అందకపోతే నేను దిగాక నా నోటితోనే చెప్పాల్సి వస్తుంది, అది నావల్ల కాదు.

అమ్మా అనే మాట దానికి అప్పటికి రాలేదు. కాబట్టి పిలవలేదు. ఏడ్చింది.

జబ్బు పడకముందు నువ్వు ఆఫీసు నుంచి ఆరింటికి ఇల్లు చేరేదానివి. నా దగ్గరికి వచ్చిన మొదటి రోజు పగలంతా ఆడుకుంది. ఆరు కాగానే ఏడుపు అందుకుంది. ఆకలేమో అనుకున్నాను, చెవేమో అనుకున్నాను. రెండో రోజూ ఆరింటికే. మూడో రోజు గడియారం చూస్తూ కూర్చున్నాను. నర్సుని, నాకు అర్థం కాలేదని చెప్పలేను. ఏడున్నర దాకా ఏడ్చి, అలిసిపోయి నిద్రపోయేది. ఎత్తుకుంటే నా భుజం మీద నుంచి వీధి వైపే చూసేది. పందొమ్మిది రోజులు.

నీకు జ్వరం ఎక్కువవుతుందని అప్పుడు రాయలేదు. హాయిగా ఉంది అని రాశాను. అది తప్పని నేను అనుకోను. కానీ నీ జ్వరం తగ్గాక పన్నెండు నెలలున్నాయి. నోట్‌బుక్ రాసిన రోజులున్నాయి. ఏ చెవి నొప్పి చేస్తుందో రాసినదాన్ని, ఇది రాయలేదు. ఇరవయ్యో రోజు ఆరయింది, ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి చేతులు చాచింది. నేను ఎత్తుకున్నాను. ఆ పందొమ్మిది రోజుల గురించి నీకు చెప్తే, ఆ ఇరవయ్యో రోజు కూడా నీకే ఇచ్చేయాల్సి వస్తుందనిపించింది. నాకు పిల్లలు లేరు. నాకని ఉన్నది ఆ ఒక్క రోజు.

అది అడిగింది కాబట్టి, నేను వచ్చేదాకా ఆగకుండా చెప్పు. పిలిచావమ్మా అని చెప్పు. రోజూ సాయంత్రం ఆరింటికి పిలిచావు, పందొమ్మిది రోజులు పిలిచావు, పెద్దమ్మ విని కూడా నాకు చెప్పలేదు అని చెప్పు.

అక్క